మందు నిచ్చు చేతి బాధ్యత
అండమాను నికోబారు దీవులలోని తెలుగు కుటుంబముల కొరకు

2024వ సంవత్సరము నుండి శ్రీ విజయపురమని పిలువబడుచున్న పోర్టు బ్లెయిరు పట్టణమున, సముద్రపు టొడ్డున సెల్యులర్ జైలు నిలిచియున్నది. 1906లో నిర్మాణము పూర్తియైన నాడు ఆ కారాగారమునకు ఏడు భుజము లుండెను. నేడు మూడు మాత్రమే మిగిలినవి. ఆ ఆవరణములోనే 1963లో గోవింద వల్లభ పంత్ వైద్యశాల నెలకొల్పబడినది. ఒకనాడు మనుష్యులను బంధించిన నేలపై ఈనాడు రోగులకు స్వస్థత చేకూర్చుచున్నారు.

ఆ రెండు కాలముల నడుమ ఒక పాఠము కలదు. 1933వ సంవత్సరము మే నెలలో ఆ జైలునందలి రాజకీయ ఖైదీలు నిరాహారదీక్ష పూనిరి. అధికారులు వారిని పట్టి బంధించి, ముక్కు గుండా గొట్టము దూర్చి పాలు పోయించిరి. లాహోరు కుట్ర కేసులో శిక్షపడిన మహావీర్ సింగ్ పెనగులాడుచుండగా పాలు ఊపిరితిత్తులలోనికి పోయెను. మే 17న ఆయన మరణించెను. మోహన కిశోర్ నమదాస్, మోహిత్ మైత్ర అను మరియిద్దరు ఖైదీలు కూడ ఇట్టి బలవంతపు ఆహారము పిమ్మట ఆ నెలలోనే ప్రాణములు కోల్పోయిరి.

పాలు విషము కాదు. గొట్టము ద్వారా ఆహారమిచ్చుట వైద్యశాలలలో నిత్యము జరుగు చికిత్సయే. కాని తప్పు మార్గమున, తప్పు విధమున, మనిషి సమ్మతి లేకుండ ఇచ్చినప్పుడు పాలు సైతము ప్రాణము తీసినవి. మందుల విషయమును ఇంతే. మందులోని గుణ మొకటియే చాలదు. ఇచ్చు చేతిలోని జాగ్రత్త దానికి తోడుకావలెను.

2011 జనాభా లెక్కల ననుసరించి ఈ దీవులలో 3,80,581 మంది నివసించుచుండిరి. వారిలో నూటికి సుమారు పదముగ్గురి మాతృభాష తెలుగు. పక్షవాతముతో మంచము పట్టిన తండ్రికి, మధుమేహముతో బాధపడు అత్తగారికి, జ్వరపడిన బిడ్డకు మందు లిచ్చువారు సాధారణముగా ఇంటివారే. వైద్యుడు మందు వ్రాయును. మందుల దుకాణదారు ఇచ్చును. కాని చివరగా రోగి నోటికి అందించు చేయి గృహిణిదో, కుమారునిదో అగుచున్నది. చిన్న దీవులలో నివసించువారికి పెద్ద వైద్యశాల ఒక ఓడ ప్రయాణము దూరమున నుండును. ఇట్టిచోట తప్పును సరిదిద్దుటకంటె తప్పు జరుగకుండ చూచుకొనుటయే సులభము.

ఐదు ప్రశ్నలు

మందు నిచ్చు ప్రతిసారియు ఈ ఐదు ప్రశ్నలు తమలో తాము వేసికొనవలెను. ఈ మందు ఈ రోగిదేనా? వైద్యుడు వ్రాసిన మందు ఇదియేనా? మోతాదు సరియైనదా? ఇయ్యవలసిన మార్గ మేది, అనగా మ్రింగించవలెనా, కంటిలో వేయవలెనా, చర్మముపై రాయవలెనా? ఇయ్యవలసిన వేళ యిదియేనా?

ఈ ప్రశ్నలు చాల తేలికగ తోచును. అయినను ఇండ్లలో జరుగు పొరపాట్లన్నియు వీనిలో ఏదో ఒకదానిని విడిచిపెట్టుట వలననే జరుగుచున్నవి. ఒకే ఇంటిలో తాతగారికి, నాయనమ్మగారికి ఇద్దరికిని రక్తపోటు మాత్ర లున్నచో, రెండును తెల్లగా, గుండ్రముగా ఉండవచ్చును. మాత్రను రంగునుబట్టి, ఆకారమునుబట్టి గుర్తుపట్టరాదు. అట్టపై పేరు చదివి గుర్తుపట్టవలెను. చదువురాని వారు ఇంటిలో బడికిపోవు పిల్లలచేత చదివించుకొనవచ్చును. ఒక్కొక్కరి మందులను ఒక్కొక్క డబ్బాలో వేరుగా ఉంచుట మేలు.

చీకటిలో మందు ఇయ్యరాదు. రాత్రి దీపము వెలిగించి, చీటీ చదివి, అప్పుడే ఇయ్యవలెను. చెవిలో వేయు చుక్కలను నిద్రమత్తులో కంటిలో వేసినచో కలుగు హాని చిన్నది కాదు.

పేరు లేని సీసా

2008వ సంవత్సరము డిసెంబరు నెలలో లిటిల్ అండమాను దీవిలోని డుగాంగ్ క్రీకు వద్ద ఒక విషాదము జరిగినది. అలలకు కొట్టుకొనివచ్చి ఒడ్డున పడిన ఒక ప్లాస్టిక్ పాత్రలోని ద్రవమును మద్యమని భావించి ఓంగే జాతివారు కొందరు త్రాగిరి. ఎనిమిదిమంది మరణించిరి, మరికొందరు వైద్యశాల పాలైరి. మొత్తము సుమారు నూరుమంది మాత్రమే మిగిలియున్న జాతిలో ఎనిమిదిమందిని కోల్పోవుట ఎంతటి నష్టమో చెప్పనక్కరలేదు.

ఆ తప్పు త్రాగినవారిది కాదు. లోపల ఏమున్నదో వారికి తెలియజెప్పగల గుర్తు ఆ పాత్రపై లేదు. కాని అట్టి పాత్రలను మన ఇండ్లలో మనమే తయారుచేయుచున్నాము. కిరోసినును చల్లని పానీయపు సీసాలో పోసి ఉంచుచున్నాము. నేల తుడుచు ద్రవమును త్రాగునీటి సీసాలో నింపుచున్నాము. మూడు రకముల మాత్రలను ఒకే కాగితపు పొట్లములో కట్టుచున్నాము. వారము తరువాత ఆ పొట్లము విప్పిన వ్యక్తికి ఏది ఏదియో తెలియు మార్గము లేదు.

కావున మందు ఏ అట్టలో వచ్చినదో ఆ అట్టలోనే ఉంచవలెను. మాత్రలు తీయునప్పుడు పేరు, గడువు తేదీ ముద్రించియున్న కొనను కత్తిరింపక, రెండవ కొననుండి తీయవలెను. పేరు చెరిగిపోయిన సీసాను, గడువు దాటిన మందును వాడరాదు. పురుగుమందులు, కిరోసిను, ఆమ్లములు ఎన్నడును త్రాగునీటి సీసాలలో ఉంచరాదు. పిల్లలకు మందును మిఠాయి యని చెప్పి తినిపించు అలవాటు మానవలెను. ఒకనాడు వారే మిఠాయి కొరకు ఆ డబ్బా తెరతురు.

చెంచా కొలత కాదు

వంటయింటి చెంచాలు ఒక్కొక్కటి ఒక్కొక్క పరిమాణముతో నుండును. వైద్యుడు ఒక చెంచా అనినచో 5 మి.లీ. అని అర్థము. ద్రవౌషధముతో పాటు వచ్చు గీతల మూతతోగాని, సూదిలేని సిరంజితోగాని కొలువవలెను. సీసాను బాగుగా కదిలించి, గీత కంటికి సమముగా నుండునట్లు పట్టుకొని చూడవలెను.

జ్వరమునకు ఇచ్చు పారాసిటమాల్ సిరప్పును ఉదాహరణముగా తీసికొందము. ఇది దుకాణములలో రెండు బలములతో దొరకును: 5 మి.లీ.లో 125 మి.గ్రా. గలది ఒకటి, 250 మి.గ్రా. గలది మరియొకటి. పది కిలోల బరువుగల బిడ్డకు ఒక మోతాదు 150 మి.గ్రా. అనుకొన్నచో, మొదటి సీసానుండి 6 మి.లీ., రెండవ సీసానుండి 3 మి.లీ. కావలెను. క్రిందటి నెల వాడిన కొలతనే ఈ నెల సీసాకు వాడినచో మోతాదు రెండింత లగును. పెద్దవారు సైతము ఒక దినమున 500 మి.గ్రా. మాత్రలు ఎనిమిదికి మించి తీసికొనరాదు; మోతాదు మోతాదునకు కనీసము నాలుగు గంటల వ్యవధి ఉండవలెను. బలహీనులకు, కాలేయవ్యాధి గలవారికి, మద్యము సేవించువారికి అంతకంటె తక్కువయే తగును. ఎంత యనునది వైద్యుడు నిర్ణయించును. జలుబునకు అమ్ము మాత్రలలో కూడ ఈ మందే కలిసియుండుట తరచు. రెండును కలిపి ఇచ్చువారు తెలియకయే అధిక మోతాదు ఇచ్చుచున్నారు.

ఇన్సులిను విషయమున మరింత మెలకువ కావలెను. మన దేశమున 1 మి.లీ.లో 40 యూనిట్లు గల ఇన్సులిను, 100 యూనిట్లు గల ఇన్సులిను, రెండును వాడుకలో నున్నవి. 40 యూనిట్లదానికి ఎర్ర మూత సిరంజి, 100 యూనిట్లదానికి నారింజ మూత సిరంజి. నూరు యూనిట్ల ఇన్సులినును ఎర్ర మూత సిరంజిలో 20వ గీత వరకు తీసినచో రోగి శరీరములోనికి పోవునది ఇరువది యూనిట్లు కాదు, ఏబది. అంతటితో చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును. సీసాపై అంకెను, సిరంజి మూత రంగును ప్రతిసారి సరిచూచుకొనవలెను. భోజనము సిద్ధముగా లేనిదే ఇన్సులిను ఇయ్యరాదు. ఇచ్చిన తరువాత చెమట, వణుకు, తికమక కనుపించినచో, రోగి మ్రింగగల స్థితిలో నున్నప్పుడు వెంటనే చక్కెర నీరు త్రాగించవలెను. స్పృహ తప్పినవాని నోట ఏమియు పోయరాదు. ఆలసింపక వైద్యశాలకు చేర్చవలెను.

వారమున కొక్కమారు మాత్రమే వేసికొనవలసిన మందులు కొన్ని కలవు. కీళ్ళవాతమునకు వ్రాయు మెథోట్రెక్సేట్ అట్టిది. దానిని పొరపాటున దినదినము ఇచ్చినచో ప్రాణాపాయము సంభవించును. ఇట్టి మందు ఇచ్చు వారము పేరును అట్టపైననే పెద్ద అక్షరములతో వ్రాసికొనవలెను.

జ్వరమునకు ఊహాచికిత్స వలదు

ఉత్తర అండమానులోని డిగ్లీపూరు ప్రాంతమున 1988 నుండి ఒక జ్వరము వ్యాపించి, కొందరికి ఊపిరితిత్తులలో రక్తస్రావము కలిగించి ప్రాణములు తీసినది. మొదట దానికి కారణము తెలియక అండమాను రక్తస్రావ జ్వరమని పిలిచిరి. తరువాతి పరిశోధనలలో అది ఎలుకలు, పశువుల మూత్రముతో కలుషితమైన నీటి ద్వారా, బురద ద్వారా సంక్రమించు లెప్టోస్పైరోసిస్ అని తేలినది. ఈ దీవులలో మలేరియా, డెంగీ కూడ కలవు. మూడింటను మొదట కనుపించునవి జ్వరము, తలనొప్పి, ఒళ్ళునొప్పులే. మందులు మాత్రము వేరు వేరు. అందుచేత క్రిందటి సంవత్సరము మిగిలిన మాత్రలను ఈ సంవత్సరపు జ్వరమునకు ఇచ్చుట చీకటిలో రాయి విసరుట వంటిది. రక్తపరీక్ష చేయించవలెను. ఫలితము తెలియువరకు ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు ఇయ్యరాదు; డెంగీయే అయినచో అవి రక్తస్రావమును పెంచును.

వైవాక్స్ మలేరియా అని తేలినచో సాధారణముగా మూడు దినములు క్లోరోక్విను, పదునాలుగు దినములు ప్రైమాక్విను ఇత్తురు. మూడు దినములకే జ్వరము తగ్గును. అప్పుడే అనేకులు మందు మానివేయుదురు. కాని మలేరియా క్రిములు కొన్ని కాలేయములో నిద్రాణమై యుండును. వానిని నశింపజేయునది ప్రైమాక్విను. పదునాలుగు దినములు పూర్తికానిచో కొన్ని వారములకో నెలలకో, మరల దోమ కుట్టకయే, అదే జ్వరము తిరిగివచ్చును. ఇచ్చువారు గోడపై పదునాలుగు గీతలు గీసి, మాత్ర మ్రింగిన ప్రతి దినము ఒక గీత కొట్టివేయుట మంచి పద్ధతి.

ప్రైమాక్విను గర్భిణులకు, సంవత్సరము నిండని శిశువులకు ఇయ్యరాదు. ఎర్ర రక్తకణములలో జి6పిడి అను ఎంజైము లోపించినవారికి ఈ మందు రక్తకణములను నాశనము చేయును. మందు వాడుచుండగా మూత్రము నలుపు లేక ముదురు గోధుమరంగునకు మారినను, కండ్లు పచ్చబడినను, పెదవులు పాలిపోయినను మందు నిలిపివేసి తక్షణము వైద్యునికి చూపవలెను.

లెప్టోస్పైరోసిస్ నకు వాడు డాక్సీసైక్లిన్ గొంతులో నిలిచినచో అన్నవాహికలో పుండు పుట్టించును. కావున రోగి కూర్చుండి, నిండు గ్లాసెడు నీటితో మ్రింగవలెను. అరగంట వరకు పడుకొనరాదు.

మ్రింగలేని రోగి

పక్షవాతము వచ్చినవారికి మ్రింగు శక్తి తగ్గియుండవచ్చును. అట్టివారికి పడుకొనబెట్టి మందు పోసినచో అది ఊపిరితిత్తులలోనికి పోవును. 1933లో జైలుగదిలో జరిగినదే ఇంటి మంచముపై జరుగును. రోగిని నిటారుగా కూర్చుండబెట్టి, గడ్డము కొంచెము క్రిందికి వంచి, కొద్దికొద్దిగా ఇయ్యవలెను. ఒక గుటక పూర్తియైన తరువాతనే మరియొకటి. నీరు త్రాగగానే దగ్గు వచ్చుట, గొంతులో గురగుర శబ్దము కలుగుట ప్రమాద సూచనలు, వెంటనే ఆపవలెను. భోజనము తరువాత కూడ అరగంట సేపు కూర్చుండబెట్టవలెను.

ముక్కులో గొట్టముతో ఇంటికి వచ్చిన రోగికి ఆహారము పెట్టుటను నర్సు వద్ద కన్నులార చూచి, ఆమె యెదుట స్వయముగా చేసి, నేర్చుకొనిన పిమ్మటనే పూనుకొనవలెను. గొట్టముపై వేసిన గుర్తు జరిగియున్నను, రోగికి దగ్గు, ఆయాసము కలిగినను ఏమియు పోయరాదు.

మాత్ర పెద్దదని పొడిచేసి ఇయ్యవచ్చునా యని పలువురు అడుగుదురు. కొన్నింటిని చేయవచ్చును, కొన్నింటిని చేయరాదు. దినమంతయు మెల్లమెల్లగా కరుగునట్లు తయారుచేసిన మాత్రను నూరినచో దినమునకు సరిపడు మందంతయు ఒక్కమారుగా రక్తములో చేరును. కావున అడుగకుండ నూరరాదు. ద్రవరూపమున అదే మందు దొరకునేమో వైద్యుని అడుగవలెను.

విరేచనములతో నీరసించిన బిడ్డకు ప్రాణము నిలుపునది ఓ.ఆర్.ఎస్. పొట్లము. దానిని లీటరు నీటికని వ్రాసియున్నచో పూర్తి పొట్లమును పూర్తి లీటరు మంచినీటిలోనే కలుపవలెను. నీరు తగ్గించినచో ఉప్పు ఎక్కువై హాని కలుగును. పెంచినచో గుణము తగ్గును. ఇరువదినాలుగు గంటలు దాటిన నీటిని పారబోయవలెను. రెండేండ్లలోపు పిల్లలకు ప్రతి విరేచనము తరువాత 50 నుండి 100 మి.లీ. చొప్పున చెంచాతో మెల్లగా త్రాగించవలెను. బిడ్డ మగతగా పడియున్నను, త్రాగలేకున్నను ఇంటివద్ద కాలయాపన చేయరాదు.

వానలు, వేడి, ఓడలు

ఈ దీవులకు రెండు ఋతుపవనములును వానలు తెచ్చును. గాలిలోని తేమ మాత్రలను మెత్తబరచును. వేడి ద్రవౌషధములను చెడగొట్టును. మందులను పొయ్యి వద్దను, కిటికీ అంచునను, స్నానపుగదిలోను ఉంచరాదు. బిగువైన మూతగల డబ్బాలో, పిల్లలకు అందని యెత్తున నుంచవలెను. తెరువని ఇన్సులిను సీసాను 2 నుండి 8 డిగ్రీల చల్లదనమున ఉంచవలెను, గడ్డకట్టించరాదు. శీతలయంత్రము లేనిచోట తడిబట్ట చుట్టిన మట్టికుండ కొంత చల్లదనము నిచ్చును. అయినను అట్లుంచిన సీసా ఎన్ని దినములు పనికివచ్చునో అడిగి తెలిసికొనవలెను.

తుపాను కాలమున ఓడలు ఆగిపోవుట ఈ ప్రాంతమువారికి క్రొత్త కాదు. రక్తపోటు, మధుమేహము, మూర్ఛ, గుండెజబ్బులకు వాడు మందులు ఒక్కసారిగా ఆగిపోయినచో ప్రమాదము. అందుచేత మందు అయిపోవుటకు రెండు వారములు ముందుగనే తిరిగి తెచ్చుకొనవలెను. విశాఖపట్టణమునకో చెన్నపట్టణమునకో ఓడపై పోవువారు మందులను పెద్ద పెట్టెలో పెట్టక చేతిసంచిలో, వైద్యుని చీటీతో సహా ఉంచుకొనవలెను.

వ్రాసికొనుట, ఒప్పుకొనుట

ఒక చిన్న నోటు పుస్తకము మంచము ప్రక్కన ఉండవలెను. తేదీ, వేళ, మందు పేరు, మోతాదు, ఇచ్చినవారి పేరు, ఇంతే. ఉదయము కోడలు ఇచ్చిన మాత్రను తెలియక కుమారుడు మరల ఇచ్చుట ఈ పుస్తకము వలన తప్పును. వైద్యుని చూడబోవునప్పుడు దీనిని వెంట తీసికొనిపోవలెను. నాటు మందులు, ఆయుర్వేద ఔషధములు వాడుచున్నచో అవియు అందులో వ్రాయవలెను. దాచుటవలన మేలు లేదు.

ఒక మోతాదు మరచినచో తరువాతి వేళ రెండు మోతాదులు కలిపి ఇయ్యరాదు. మందు తీసికొనిన తరువాత ఒంటిపై దద్దుర్లు, పెదవుల వాపు, ఊపిరి సలుపకపోవుట కలిగినచో అది అత్యవసర స్థితి. పొరపాటున వేరొక మందు ఇచ్చినప్పుడు బలవంతముగా వాంతి చేయించరాదు; ఆ సీసాను, అట్టను తీసికొని రోగితో వైద్యశాలకు పోవలెను. తప్పు చేసినవారు భయపడి దాచిపెట్టుట సహజము. ఇంటి పెద్దలు కోపగింపక, జరిగినది జరిగినట్లు చెప్పుటకు ధైర్య మియ్యవలెను. గంట ముందుగ చెప్పిన నిజము ఒక ప్రాణమును కాపాడవచ్చును.

వలదన్న రోగి

రోగి మందు వలదన్నచో ఏమి చేయవలెను? చేతులు పట్టుకొని నోట పోయుట చికిత్స కాదు. తెలియకుండ అన్నములో కలుపుటయు తగదు. ఒకనాడు తెలిసినచో ఆయన అన్నమును కూడ నమ్మడు. ఎందుకు వలదనుచున్నారో అడుగవలెను. మందు చేదుగా నుండవచ్చును, కడుపులో మంట పుట్టించవచ్చును, గొంతు నొప్పి యుండవచ్చును, లేదా తనకు చెప్పకుండ ఇచ్చుచున్నారను బాధ కావచ్చును. ఆ కారణమును వైద్యునికి తెలిపినచో మందు మార్చుటయో, వేళ మార్చుటయో జరుగును. మతి తప్పినవారి విషయమున సైతము ఇంటివారు తామే నిర్ణయింపక వైద్యునితో ఆలోచించవలెను. మంచము పట్టినవాడు తన శరీరముపై హక్కును కోల్పోలేదు.

సెల్యులర్ జైలులో మరణించిన ఆ ముగ్గురి పేర్లను నేటికిని స్మరించుచున్నాము. వారి మరణమునుండి రోగి మంచము ప్రక్కన నిలుచు ప్రతివారును నేర్చుకొనదగిన దొకటి కలదు: శరీరములోనికి ఏది పంపినను, ముందు ఆ మనిషి ముఖము చూడవలెను, చేత నున్నదేమో చదువవలెను, ఇచ్చుచున్నదేమో చెప్పవలెను, ఇచ్చిన తరువాత కొంతసేపు ప్రక్కన కూర్చుండవలెను. దీనికి ధనము అక్కరలేదు, పెద్ద చదువు అక్కరలేదు. ఓడ రాని దినమున కూడ ఇది ప్రతి యింటను సాధ్యమే.